సి డ్రైవ్ నిండితే డి డ్రైవ్ ఉంది

మన హాస్టల్ కంప్యూటర్ గదిలో ఉన్న రెండు కంప్యూటర్లలో కిటికీ పక్కన ఉన్నది పాతది. ఇప్పుడు రోజూ సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు పాలిటెక్నిక్ తమ్ముళ్ళు దాని ముందు వంతులవారీగా కూర్చుని ఆటోక్యాడ్‌లో ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నారు. ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్ళు అది మొదటి నుంచీ అందులో ఉందనే అనుకుంటున్నారు. కానీ 2024 సెప్టెంబరు దాకా ఆ కంప్యూటర్‌లో ఆటోక్యాడ్ పట్టదని అందరూ తేల్చేశారు. పట్టదన్న చోట ఎలా పట్టిందో, ఆ పనిలో ఏమేం తెలుసుకున్నామో ఈ వార్షికోత్సవ సంచికకు రాయమని కమిటీ తమ్ముళ్ళు అడిగారు. కథలు, కవితలు రాసే చెయ్యి కాదు మాది. అందుకే చేసిన పని గురించే రాస్తున్నాం.

మేము అంటే గది నంబరు 14లో ఉండే ముగ్గురం. ముగ్గురం సివిల్ చదివాం, ఇప్పుడు ఎం.టెక్. చేస్తున్నాం. మా ఇళ్ళలో డిగ్రీ మొహం చూసినవాళ్ళు మేమే మొదలు. అయితే ఇంటి ప్లాన్ అన్న మాట మాకు కాలేజీలో కొత్తగా వినబడింది కాదు. మా నాన్నలు తాపీ పనికి వెళ్ళినవాళ్ళే. ఇంజనీరు గారు ఇచ్చిన కాగితం మడతలు విప్పి, దాని ప్రకారం నేల మీద సున్నంతో గీతలు పోయడం చిన్నప్పటి నుంచీ చూశాం. ఆ కాగితం గీసేవాళ్ళు ఎక్కడో ఉంటారనుకునేవాళ్ళం. అది గీసే పని మన పిల్లలకూ రావాలన్నదే ఈ కథకు మొదలు.

ఎందుకు కావలసి వచ్చింది?

డిప్లొమా మూడో సంవత్సరం తమ్ముళ్ళు నలుగురు సెప్టెంబరు మొదటి వారంలో మా గదికి వచ్చారు. అక్టోబరులో ఒక నిర్మాణ సంస్థ వాళ్ళ కాలేజీకి డ్రాఫ్ట్స్‌మన్ ఎంపికకు వస్తోంది. గంటన్నరలో రెండు పడక గదుల ఇంటి ప్లాన్, ఎలివేషన్, సెక్షన్ ఆటోక్యాడ్‌లో గీసి చూపించాలి. కాలేజీ ల్యాబ్ వారానికి రెండుసార్లు. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుంటే ఒకరు గీస్తారు, ఒకరు చూస్తారు. చూసినవాడికి చెయ్యి తిరగదు. బజారులో ఒక కోచింగ్ సెంటర్ ఉంది గానీ మూడు నెలల కోర్సుకు ఆరు వేలు అడిగారు. "ఆరు వేలంటే మా అమ్మ నెల రోజుల కూలి కంటే ఎక్కువన్నా" అన్నాడు ఒక తమ్ముడు. ఆ తర్వాత ఇక మాట్లాడడానికి ఏమీ లేదు.

కిటికీ పక్క కంప్యూటర్‌లో విండోస్ 10, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. ఆటోక్యాడ్ 2024కు కంపెనీ చెప్పిన కనీస ర్యామ్ 8 జీబీ, డిస్క్‌లో చోటు 10 జీబీ. ర్యామ్ సరిపోయింది. చోటు దగ్గరే వచ్చింది చిక్కంతా.

ముందు ఒక చిన్న లెక్క. 500 జీబీ డిస్క్ కొంటే కంప్యూటర్‌లో 465 జీబీయే కనబడుతుంది. దుకాణం వాళ్ళు మోసం చేశారని చాలామంది అనుకుంటారు. డిస్క్ తయారుచేసేవాళ్ళు వెయ్యికొకటి చొప్పున లెక్కపెడతారు, విండోస్ 1024కొకటి చొప్పున లెక్కపెడుతుంది. తేడా అంతే. మన డిస్క్‌లో ఆ 465లో సి డ్రైవ్‌కు 60, డి డ్రైవ్‌కు 200, మిగిలింది ఇ డ్రైవ్‌కు కేటాయించి ఉన్నాయి. సి డ్రైవ్‌లో ఖాళీ 7 జీబీ మాత్రమే. డి డ్రైవ్‌లో ఎవరో ఎక్కించిన సినిమాలు తప్ప ఏమీ లేవు.

మన గదుల సంగతే చూడండి. తలుపు దగ్గర అందరి ట్రంకు పెట్టెలూ పేర్చి, కాలు పెట్టడానికి చోటు లేదని గొడవపడతాం. వెనక గోడ వైపు పది అడుగులు ఖాళీగా ఉంటుంది. ఈ కంప్యూటర్ పరిస్థితీ అదే.

నలుగురూ ఇచ్చిన సలహాలు

మొదటి సలహా: మొత్తం ఫార్మాట్ కొట్టేసి, డ్రైవ్‌లన్నీ కలిపి ఒకటే చేయమన్నారు. వినడానికి సులువే. కానీ ఇ డ్రైవ్‌లో ఏముందో తెలిసినవాళ్ళు ఆ మాట అనరు. పదేళ్ళుగా మన హాస్టల్ విద్యార్థులు దాచుకున్న కుల ధ్రువీకరణ పత్రాల స్కాన్లు, ఆదాయ పత్రాలు, మార్కుల మెమోలు, స్కాలర్‌షిప్ దరఖాస్తుల ప్రతులు, గ్రూప్స్ నోట్సులు అందులోనే ఉన్నాయి. మన పాత వార్షికోత్సవ సంచికల పేజ్‌మేకర్ ఫైళ్ళు కూడా అక్కడే ఉన్నాయి. అదంతా దాదాపు 160 జీబీ. దాన్ని దింపుకోవడానికి మన దగ్గర వేరే డిస్క్ లేదు. వరదలో కాగితాలు పోగొట్టుకున్న ఒక అన్నయ్య, ఊరి నుంచి ఫోన్ చేసి ఇక్కడి స్కాన్ కాపీ తెప్పించుకున్న సంగతి మాకు తెలుసు. అలాంటి డ్రైవ్ మీద ప్రయోగం చేయకూడదని మొదటి రోజే గట్టిగా అనుకున్నాం.

రెండో సలహా: డి డ్రైవ్ తీసేసి, ఆ చోటు సి డ్రైవ్‌కు కలపమన్నారు. ఇది కొంత తెలిసినవాళ్ళు ఇచ్చే సలహా. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూశాం. సి డ్రైవ్‌ను పెంచాలంటే దానికి ఆనుకుని, కుడి పక్కనే, ఎవరికీ కేటాయించని చోటు ఉండాలి. మన పాత డిస్క్‌లో డి, ఇ రెండూ ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అనే ఒకే ప్రహరీ లోపల ఉన్న గదులు. డి డ్రైవ్‌ను తీసేసినా ఆ ఖాళీ ప్రహరీ లోపలే ఉంటుంది, బయట ఉన్న సి డ్రైవ్‌కు అందదు. అందాలంటే ప్రహరీ కూలగొట్టాలి. అప్పుడు ఇ డ్రైవ్ కూడా పోతుంది. కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది.

మూడో సలహా: బజారులో ఒక అబ్బాయి మూడు వందలకు క్రాక్ చేసిన ఆటోక్యాడ్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తానన్నాడు. అది ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపేయాలట. మన పత్రాలన్నీ ఉన్న కంప్యూటర్‌కు కాపలా తీసేసి, ఊరూ పేరూ తెలియని ఫైలును లోపలికి రానివ్వమన్న మాట. వద్దన్నాం. పైగా అవసరమే లేదు. విద్యార్థులకు ఆటోక్యాడ్ ఉచితం. ఈ సంగతి ఇప్పటికీ మన హాస్టళ్ళలో సగం మందికి తెలియదు.

నాలుగో సలహా: కొత్త కంప్యూటర్ వచ్చేదాకా ఆగమన్నారు. వార్డెన్ గారు అప్పటికే ప్రతిపాదన రాసి పంపారు. ఆయన చేతిలో ఉన్న పని ఆయన చేశారు. కానీ ఫైలు కదిలే వేగానికీ అక్టోబరు వచ్చే వేగానికీ పొంతన లేదు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఏ డ్రైవ్‌నూ కదపకుండా, ఆటోక్యాడ్‌ను డి డ్రైవ్‌లో ఎక్కించడం.

అసలు సి డ్రైవే ఎందుకు?

ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా తనంతట తాను సి డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్‌కే పోతుంది. ఎ, బి ఏమయ్యాయని తమ్ముళ్ళు అడుగుతుంటారు. 1981లో ఐబీఎం మొదటి పీసీ తెచ్చినప్పుడు అందులో హార్డ్ డిస్క్ లేదు, ఫ్లాపీలే. మొదటి ఫ్లాపీ డ్రైవ్ ఎ, రెండోది బి. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో 10 ఎంబీ హార్డ్ డిస్క్ వచ్చినప్పుడు దానికి మిగిలిన అక్షరం సి. ఫ్లాపీలు పోయాయి, అక్షరం మాత్రం ఉండిపోయింది. ఆటోక్యాడ్ మొదటి కూర్పు 1982 డిసెంబరులో వచ్చింది. అంటే ఆ ఎక్స్‌టీ కంటే ముందే పుట్టింది. ఆనాటి మొత్తం హార్డ్ డిస్క్ 10 ఎంబీ, ఈనాడు ఒక్క ఆటోక్యాడ్‌కు 10 జీబీ. సుమారు వెయ్యి రెట్లు!

విండోస్ సి డ్రైవ్‌లో ఉంటుంది కాబట్టి మిగిలినవన్నీ కూడా అక్కడే ఉండాలన్న నియమం మాత్రం లేదు. అది అలవాటు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎక్కడ పెట్టాలో మార్చుకునే అవకాశం ఒక పక్కన చిన్నగా ఉంటుంది. అందరం నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుకుంటూ పోతాం కాబట్టి అది కంటబడదు.

పని మొదలైంది

ముందు లైసెన్సు సంగతి. ఆటోడెస్క్ వారి విద్యా పథకంలో ఒక్కో విద్యార్థి తన పేరుతో ఖాతా తెరుచుకోవాలి. తాను చదువుతున్నట్టు రుజువు చూపించాలి. ఆ రుజువులో విద్యార్థి పేరు, కాలేజీ పేరు, ప్రస్తుత విద్యా సంవత్సరపు తేదీ మూడూ ఉండాలి. మన తమ్ముళ్ళ గుర్తింపు కార్డుల మీద పేరుంది, కాలేజీ ఉంది, తేదీ లేదు. కాలేజీ ఆఫీసు నుంచి ఆ ఏడాది స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకుని స్కాన్ చేసి పంపితే ఆమోదం వచ్చింది. ఏడాదికొకసారి మళ్ళీ పొడిగించుకోవాలి. చదువుకోవడానికే వాడాలి. డబ్బు తీసుకుని బయటివాళ్ళకు ప్లాన్లు గీసిచ్చేందుకు ఆ లైసెన్సు పనికిరాదు. సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఒక్కసారి ఎక్కితే చాలు, ఎవరి వంతు వచ్చినప్పుడు వారు తమ ఖాతాతో లోపలికి వెళ్ళి, లేచేటప్పుడు సైన్ అవుట్ చేస్తారు.

తర్వాత డి డ్రైవ్‌లోని సినిమాలు. ఎవరివని అడిగితే హాస్టలంతా మౌనం. నోటీసు బోర్డు మీద చీటీ పెట్టి, వారం రోజులు ఆగి, తీసేశాం. తీసేసిన రోజు సాయంత్రం మాత్రం ముగ్గురు వచ్చి బాధపడ్డారు!

యూనివర్సిటీ ల్యాబ్‌లో ఇన్‌స్టాలర్ దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చాం. దాన్ని నొక్కగానే అది తనలోని సరుకును విప్పి పెట్టుకోవడానికి సి డ్రైవ్‌లో ఆటోడెస్క్ అనే ఫోల్డర్ అడుగుతుంది. ఇది ఇంకా అసలు ఇన్‌స్టాల్ కాదు, మూట విప్పడమే. అక్కడే డి డ్రైవ్‌లో మేము ముందుగా చేసి ఉంచిన ఫోల్డర్ చూపించాం. మూట విప్పుకున్నాక ఒప్పంద పత్రం వస్తుంది. దాని తర్వాత ఎక్కడ ఎక్కించాలో చూపే గడి వస్తుంది. అందులో సి డ్రైవ్ దారి తీసేసి డి డ్రైవ్ పెట్టాం. అయినా సగంలో పని ఆగిపోయింది. చోటు చాలదన్న హెచ్చరిక వచ్చింది. డి డ్రైవ్‌లో దాదాపు 190 జీబీ ఖాళీ ఉంది మరి!

ఇక్కడే అసలు విషయం తెలిసింది. ఏ పెద్ద సాఫ్ట్‌వేర్‌నైనా డి డ్రైవ్‌కు పంపినా మొత్తం డి డ్రైవ్‌కు పోదు. ప్రధానమైన ప్రోగ్రామ్ పోతుంది. కానీ ఇన్‌స్టాల్ జరిగేటప్పుడు పుట్టే తాత్కాలిక ఫైళ్ళు సి డ్రైవ్‌లోని టెంప్ ఫోల్డర్‌లో పడతాయి. పలు ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే భాగాలు, విండోస్‌కు సంబంధించిన సహాయక భాగాలు, ఒక్కో వినియోగదారుడి సెట్టింగులు సి డ్రైవ్‌లోనే కూర్చుంటాయి. అంటే డి డ్రైవ్‌లో కాపురం పెట్టినా రేషన్ కార్డు సి డ్రైవ్‌లోనే ఉంటుంది. కాబట్టి సి డ్రైవ్‌లోనూ కొంత ఊపిరాడే చోటు ఉండాలి.

ఆ చోటు కోసం నాలుగు పనులు చేశాం.

ఒకటి, డిస్క్ క్లీనప్ తెరిచి, సిస్టమ్ ఫైళ్ళను కూడా కలుపుకుని, పాత అప్‌డేట్ల మిగుళ్ళు తీసేశాం.

రెండు, హైబర్నేషన్ ఆపాం. కంప్యూటర్ నిద్రపోయేటప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచుకోవడానికి విండోస్ సి డ్రైవ్‌లో ఒక పెద్ద ఫైలు ఉంచుకుంటుంది. 8 జీబీ ర్యామ్‌కు అది మూడు జీబీకి పైగా ఉంటుంది. హాస్టల్ డెస్క్‌టాప్‌కు ఆ నిద్రతో పని లేదు, షట్‌డౌన్ చేసి తాళం వేస్తాం. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఒక్క ఆదేశం ఇస్తే ఆ ఫైలు పోయింది.

మూడు, వర్చువల్ మెమరీ కోసం వాడే పేజ్ ఫైలును డి డ్రైవ్‌కు మార్చాం.

నాలుగు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్న చోట టెంప్, టీఎంపీ అని రెండు పేర్లుంటాయి. వాటి దారిని డి డ్రైవ్‌లో చేసిన టెంప్ ఫోల్డర్‌కు తిప్పాం. దీంతో ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు పుట్టే చెత్తలో ఎక్కువ భాగం సి డ్రైవ్ మీద పడదు.

కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే సి డ్రైవ్‌లో ఖాళీ 7 నుంచి 17 జీబీకి పెరిగింది. అప్పుడు ఒక తమ్ముడు మంచి ప్రశ్న అడిగాడు.

"అన్నా, ఆటోక్యాడ్‌కు 10 జీబీయే కదా కావాలి? ఇప్పుడు సి డ్రైవ్‌లోనే పడుతుంది. ఇంకా డి ఎందుకు?"

"ఈరోజు పడుతుందిరా. రేపు విండోస్ అప్‌డేట్ వస్తుంది, దానికి చోటు కావాలి. వచ్చే ఏడాది మీ జూనియర్లు ఇంకో సాఫ్ట్‌వేర్ అడుగుతారు. ఇప్పుడు దొరికిన చోటు మనమే తినేస్తే వాళ్ళు మళ్ళీ మొదటికి వస్తారు" అన్నాం.

రెండోసారి ఇన్‌స్టాల్ ఆగలేదు. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే, వాచ్‌మన్ బాబాయి గది తాళం కోసం రెండుసార్లు వచ్చి వెళ్ళాక, పదకొండు దాటి పది నిమిషాలకు పూర్తయింది. నల్ల తెర మీద అడ్డంగా, నిలువుగా ఉండే ఆ ప్లస్ గుర్తు కనబడగానే తమ్ముళ్ళు చప్పట్లు కొట్టారు. బాబాయి "ఏమయ్యింది, ఎవరికన్నా ఉద్యోగం వచ్చిందా?" అని అడిగాడు. ఇంకా రాలేదు బాబాయ్, వచ్చే దారి పడింది అన్నాం.

ఎక్కించాక చేయవలసిన పని

సాఫ్ట్‌వేర్ డి డ్రైవ్‌లోకి వచ్చినంతమాత్రాన గీసిన బొమ్మలు డి డ్రైవ్‌లోకి రావు. ఆటోక్యాడ్ మనం సేవ్ చేయకపోయినా పది నిమిషాలకొకసారి తనంతట తాను ఒక ప్రతి దాస్తుంది. మార్చకపోతే ఆ ప్రతి సి డ్రైవ్‌లోని తాత్కాలిక ఫోల్డర్‌లో పడుతుంది. సి డ్రైవ్ నిండి ఉంటే ఆ దాచడం జరగకపోవచ్చు. అందుకని ఆప్షన్స్‌లో ఫైల్స్ అన్న చోట ఆటోమేటిక్ సేవ్ దారిని డి డ్రైవ్‌కు మార్చి, వ్యవధి ఐదు నిమిషాలకు తగ్గించాం. ప్రతి విద్యార్థికీ డి డ్రైవ్‌లో తన పేరుతో ఒక ఫోల్డర్ ఇచ్చాం.

దీని విలువ అక్టోబరు మొదటి వారంలో తెలిసింది. ఒక తమ్ముడు రెండు గంటలు కూర్చుని సెక్షన్ గీస్తుండగా కరెంటు పోయింది. మన గదికి ఇన్వర్టర్ లేదు. వాడి మొహం చూడలేకపోయాం. కరెంటు వచ్చాక డి డ్రైవ్ తెరిస్తే ఆటోసేవ్ ప్రతి ఉంది. దాని చివర ఉండే ఎస్‌వి డాలర్ అనే తోకను డీడబ్ల్యూజీగా మార్చి తెరిచాం. చివరి నాలుగైదు నిమిషాల గీతలు తప్ప అంతా ఉంది. వాడు ఏమీ అనలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని మళ్ళీ గీయడం మొదలుపెట్టాడు.

నెల రోజులు ఆ నలుగురూ వంతులు వేసుకుని గీశారు. ఉదయం ఐదింటికి ఒకరు, టిఫిన్‌కు ముందు ఒకరు, సాయంత్రం ఇద్దరు. ఎంపికలో నలుగురిలో ఇద్దరికి ఉద్యోగం వచ్చింది. మిగిలిన ఇద్దరిలో ఒకరు 2025లో ఈసెట్ రాసి బి.టెక్. రెండో సంవత్సరంలో చేరాడు. ఇంకొకరు ఊళ్ళో మేస్త్రి దగ్గర పనిచేస్తూ మళ్ళీ ప్రయత్నిస్తున్నాడు. సెలవుల్లో వచ్చినప్పుడు ఇప్పటికీ ఆ కంప్యూటర్ ముందే కూర్చుంటాడు. వాడి గురించి కూడా రాయకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

కొన్ని అపోహలు

డి డ్రైవ్‌లో పెడితే సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తుందని కొందరంటారు. సి, డి రెండూ ఒకే డిస్క్‌లోని భాగాలైతే చెప్పుకోదగ్గ తేడా ఉండదు. సి డ్రైవ్ ఎస్ఎస్‌డీగా, డి డ్రైవ్ పాత రకం హార్డ్ డిస్క్‌గా ఉన్న కంప్యూటర్లలో మాత్రం డి డ్రైవ్ నుంచి తెరుచుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. అలాంటి చోట ప్రోగ్రామ్‌ను సి లో ఉంచి, ఫైళ్ళను డి లో పెట్టుకోవడం మేలు.

డి డ్రైవ్‌లో ఉంది కాబట్టి విండోస్ ఫార్మాట్ చేసినా ఆటోక్యాడ్ పోదని ఇంకొందరంటారు. ఫోల్డర్ పోదు, కానీ పనిచేయదు. ఆ ప్రోగ్రామ్ ఉన్నదన్న నమోదు అంతా విండోస్ రిజిస్ట్రీలో ఉంటుంది. ఆ రిజిస్ట్రీ సి డ్రైవ్‌లో ఉంటుంది. సి పోతే నమోదు పోతుంది, మళ్ళీ ఎక్కించుకోవలసిందే. అదే కారణంగా ఒకరి కంప్యూటర్ నుంచి ఫోల్డర్ కాపీ చేసి తెచ్చుకున్నా పనిచేయదు. గీసిన బొమ్మలు మాత్రం క్షేమంగా ఉంటాయి.

మన పాత సంచికల సంగతి దీనికి మంచి ఉదాహరణ. ఆ పేజ్‌మేకర్ ఫైళ్ళు ఇ డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయి. కానీ అవి అను ఫాంట్లలో టైపు చేసినవి. ఫాంట్లు ఉండేది సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో. ఆ ఫాంట్లు లేకపోతే మన సీనియర్ల కవితలన్నీ తెర మీద అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా కనబడతాయి. ఫార్మాట్ చేయడానికి ఒప్పుకోకపోవడానికి ఇదీ ఒక కారణం. యూనికోడ్‌లో టైపు చేసినవాటికి ఈ బాధ లేదు. ఈసారి సంచిక యూనికోడ్‌లోనే చేయమని కమిటీకి చెప్పాం.

ఫొటోషాప్ నేర్చుకునేవారికి ఒక మాట. అందులో స్క్రాచ్ డిస్క్ నిండిందని హెచ్చరిక వస్తే భయపడకండి. ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్స్ అన్న చోట సి కి బదులు డి ఎంచుకోండి. జబ్బు అదే, మందూ అదే.

చివరిగా

డిఫాల్ట్ అన్న మాటకు ఈ పని చేస్తున్నప్పుడు మాకు ఒక అర్థం దొరికింది. మనం అడగకపోతే మనకు దక్కేది డిఫాల్ట్. మన తాతలకు ఇల్లు ఊరి చివర ఇచ్చారు. చదువు ఐదో తరగతి దగ్గర ఆగింది. పని ఎవరి పొలంలోనో ముందే ఖరారైపోయి ఉంది. వాళ్ళు నెక్స్ట్ నొక్కినవాళ్ళు కారు. వాళ్ళకు మార్చుకునే గడి ఉందని చూపించినవాళ్ళే లేరు. మనకు ఆ గడి కనబడుతోందంటే దానికోసం పోరాడినవాళ్ళ పుణ్యం, ఈ హాస్టల్ అన్నం పుణ్యం. తెర మీద ఏది రాసి ఉంటే దానికే సరే అనకుండా, ఇంకో చోటు ఉందేమో చూడడం మనకు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే కాదు, అన్నిచోట్లా అవసరం.

ఇంకో సంగతి కూడా ఉంది. డి డ్రైవ్‌లో ఎంత చోటున్నా సి డ్రైవ్ లేకుండా అది నడవదు. మేము ఎక్కడికి వెళ్ళి ఏ డిజైన్లు చేసినా, నేల మీద సున్నం గీతలు పోసిన చేతులే మా రిజిస్ట్రీ.

ఇక వచ్చే ఏడాది ఈ గది బాధ్యత తీసుకునే తమ్ముళ్ళకు ఒక పని మిగిలి ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0, 64 జీబీ డిస్క్ చోటు, దానికి తగిన ప్రాసెసర్ కావాలి. కిటికీ పక్క కంప్యూటర్‌కు ఆ అర్హతలు లేవు. వార్డెన్ గారి ప్రతిపాదన ఇంకా పైన ఉంది. దాన్ని గుర్తుచేస్తూ ఉండండి. ఈలోగా ఇ డ్రైవ్‌లోని పత్రాలకు రెండో ప్రతి చేయడం కోసం మేము ముగ్గురం స్టైపెండ్‌లోంచి తలా కొంత వేసుకుని ఒక బయటి హార్డ్ డిస్క్ కొన్నాం. అది వార్డెన్ గారి బీరువాలో ఉంది. నెలకొకసారి తీసి, కొత్త పత్రాలు కాపీ చేసి, మళ్ళీ అక్కడే పెట్టండి. ఇన్‌స్టాల్ చేసిన విధానం అంతా ఒక నోటు పుస్తకంలో రాసి కంప్యూటర్ బల్ల సొరుగులో ఉంచాం. ఆ పుస్తకంలో ఇంకా నలభై ఖాళీ పేజీలున్నాయి. మీరు తెలుసుకున్నది మీ చేతితో అందులో రాయండి.

– గది నం. 14, ఎం.టెక్. రెండవ సంవత్సరం విద్యార్థులు